పంపిణీ దుప్పట్లు కాదు, 108 బండిలో దుప్పటి లెక్క కావాలి



గ్రూపులో వారం రోజులుగా ఒకటే చర్చ. చలికాలం వస్తోంది కాబట్టి తలా కొంత చందా వేసుకుని, డిస్పోజబుల్ దుప్పట్లు హోల్‌సేల్‌లో ఒక లోడు తెప్పించి, మన ఏజెన్సీలో తిరిగే 108 వాళ్లకు ఇద్దామని కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రతిపాదించారు. చాలామంది సరే అన్నారు. మనసు మంచిదే, కాదనం. కానీ ఈ ప్రతిపాదనకు మేము ఒప్పుకోవడం లేదు. ఎందుకో పూర్తిగా చెబుతాం, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

మా వాదన ఒక్క మాటలో చెప్పాలంటే, ఎమర్జెన్సీ బండిలో దుప్పటి అంటే మందు. సెలైన్ బాటిల్‌కి మనం చందాలు వెయ్యం. ఆక్సిజన్ సిలిండర్‌ని ఎవరూ దండ వేసి, ఫొటో దిగి పంపిణీ చెయ్యరు. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది దానం ఎందుకైపోతుంది? పైగా గిరిజనుడి దగ్గరికి వచ్చేసరికే ఎందుకైపోతుంది?

ప్రతి డిసెంబర్‌లో మన ఊళ్లకు కార్లు వస్తాయి. వరసలో నిలబెడతారు, ముసలమ్మ భుజం మీద ఒక దుప్పటి వేస్తారు, ఫొటో తీస్తారు, వెళ్లిపోతారు. మర్నాడు పేపర్లో "గిరిజనులకు దుప్పట్ల పంపిణీ" అని వస్తుంది. ఇచ్చిన వాళ్లందరిదీ చెడ్డ బుద్ధి అని మేము అనడం లేదు. ఆ ముసలమ్మకు ఆ దుప్పటి పనికొస్తుంది కూడా. కానీ ఆ ఫొటోలు చూసీ చూసీ, మనకు కూడా దుప్పటి అంటే ఎవరో దయతో ఇచ్చేదనే అలవాటైపోయింది. ఇప్పుడు మనమే ఆ కారు దిగి ఫొటో దిగుదామంటున్నాం.

చలి ప్రాణం ఎలా తీస్తుంది

దుప్పటి సౌకర్యం కోసమే అనుకునేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

మనిషి ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. 35 కంటే పడిపోతే దాన్ని హైపోథెర్మియా అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాడు వణికి, నడిచి, నెగడు దగ్గర కూర్చుని వేడి తెచ్చుకుంటాడు. రక్తం పోయినవాడికి ఆ శక్తి ఉండదు. రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో కొన్ని పదార్థాలు పనిచెయ్యాలి. ఒళ్లు చల్లబడితే అవి మందగిస్తాయి. గడ్డకట్టదు కాబట్టి రక్తం ఇంకా పోతుంది. రక్తం పోయేకొద్దీ కణాలకు ఆక్సిజన్ అందక ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. చలి, ఆమ్లం, గడ్డకట్టని రక్తం, ఈ మూడూ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతే మనిషి దక్కడని ట్రామా వైద్యంలో మొదటి పాఠంగానే చెబుతారు. ఘాట్‌లో జీపు బోల్తా పడి కాలు నుజ్జయినవాడికి, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లికి దుప్పటి కప్పడమంటే రక్తం ఆపే పనిలో ఒక భాగం.

పుట్టిన బిడ్డ సంగతి ఇంకా సున్నితం. బిడ్డ తడిగా పుడుతుంది. ఆ తడి ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. నవజాత శిశువు ఒంటి వేడి 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 32 కంటే తగ్గితే అది తీవ్రమైన ప్రమాదం. చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. వెంటనే పొడి గుడ్డతో తుడవాలి, తడి గుడ్డ తీసెయ్యాలి, తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టాలి, తలకు టోపీ పెట్టాలి, ఇద్దరినీ కలిపి కప్పాలి. దీనికి కావాల్సింది రెండు పొడి గుడ్డలు, ఒక టోపీ, ఒక దుప్పటి. బండిలోనే కాన్పు అయిపోవడం మన దారుల్లో కొత్తేమీ కాదని ఇక్కడ అందరికీ తెలుసు.

ఇక మన జబ్బు, సికిల్ సెల్. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది ఆదివాసీల్లోనే. అందుకే 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి, 2047 లక్ష్యం అన్నారు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు చలి తగిలితే రక్తనాళాలు కుంచించుకుపోతాయి, కొడవలి ఆకారం కణాలు ఇరుక్కుంటాయి, భరించలేని నొప్పి మొదలవుతుంది. ఒంటిని వెచ్చగా ఉంచండి అని ప్రతి డాక్టరూ చెప్పే మాట. కార్డు ఇచ్చి, పరీక్ష చేసి, మిషన్ అని పేరు పెట్టి, ఆఖరికి నొప్పితో మెలికలు తిరిగే పిల్లాణ్ని చల్లటి రేకు బండిలో ఒట్టి షర్టు మీద ఎక్కిస్తే ఆ మిషన్‌కు అర్థం ఏంటి?

లంబసింగి చలి చూడ్డానికి టూరిస్టులు వస్తారు. స్వెటర్లు, టోపీలు, గ్లౌజులు వేసుకుని, మంచు మేఘాలతో సెల్ఫీలు దిగి, వేడి టీ తాగి వెళ్తారు. అదే చలిలో, అదే తెల్లారుజామున, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు కొండల మీద నుంచి మన రోగి దిగుతాడు. పాడేరు నుంచి విశాఖ పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. నగరంలో రోగి బండిలో ఉండేది నిమిషాల లెక్క. మన రోగిది గంటల లెక్క. బండి ఎక్కే ముందు డోలీలో గడిచే గంటలు దీనికి అదనం.

"ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు కదా" అనేవాళ్లకు

ఈ మాట అనేవాళ్లు డోలీని దగ్గర నుంచి చూసి ఉండరు. డోలీ ఎలా కడతారు? పొడుగాటి కర్రకు దుప్పటిని రెండు కొసలా ముడేస్తారు. రోగిని అందులో పడుకోబెడతారు. అంటే ఇంట్లో ఉన్న మంచి దుప్పటే మన అంబులెన్స్. అది కర్రకు కట్టేశాక కప్పడానికి ఇంకేం మిగిలింది? గెడ్డ దాటేటప్పుడు అది తడుస్తుంది. ఆ తడి గుడ్డలోనే మనిషి రోడ్డు దాకా వస్తాడు. తడి గుడ్డ వేడిని కాపాడదు, లాగేస్తుంది. అక్కడ బండి తలుపు తెరిచాక మొదట చెయ్యాల్సింది ఆ తడి తీసేసి పొడి దుప్పటి చుట్టడం. ఆ పొడి దుప్పటి బండిలోనే ఉండాలి.

ఒకవేళ ఇంటి దుప్పటి వచ్చిందే అనుకుందాం. నెత్తుటితో తడిసి తిరిగొస్తుంది. ఆ రాత్రి ఇంట్లో పిల్లలు ఏం కప్పుకుంటారు?

డిస్పోజబులే ఎందుకు, అందులో ఏది

మన గ్రూపులోనే కొందరు అన్నలు "వాడి పారేసేది ఎందుకు, మంచి రగ్గులు కొని ఉతికి వాడొచ్చు కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఉతికేది ఎవరు? ఎక్కడ? బండిలో ఉండేది ఈఎంటీ, పైలట్. కేసు దింపగానే ఇంకో కాల్ వస్తుంది. వానాకాలం మన కొండల మీద రగ్గు ఉతికితే ఎన్నాళ్లకు ఆరుతుందో హాస్టల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఉతక్కుండా ఒకరి తర్వాత ఒకరికి కప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆశ్రమ పాఠశాలలో ఒక పిల్లాడికి గజ్జి వస్తే గదంతా పాకినట్టే. రక్తం, ఉమ్మనీరు, వాంతి అంటిన రగ్గును ఇంకో బాలింతకు కప్పకూడదు. అందుకే ఉతికే ఏర్పాటు లేనిచోట ఒక్కసారి వాడే దుప్పటి అవసరం. ఈ విషయంలో తమ్ముళ్లు చెప్పిందే కరెక్టు.

అయితే "డిస్పోజబుల్ దుప్పటి" అన్న రెండు మాటల కింద మార్కెట్లో వేరువేరు సరుకులు దొరుకుతాయి. హోల్‌సేల్‌లో కొనేవాడు మోసపోయేది ఇక్కడే.

మొదటిది, నాన్‌వోవెన్ పలచటి షీటు. ప్లాస్టిక్ పోగులతో నేయకుండా అతికించినది. దీన్ని జీఎస్ఎంలో కొలుస్తారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న షీటు 3 చదరపు మీటర్లు. 40 జీఎస్ఎం అయితే మొత్తం 120 గ్రాములు, ఇంచుమించు ఒక బనియన్ బరువు. స్ట్రెచర్ మీద పరవడానికి అది చాలు. చలి ఆపడానికి చాలదు, గాలి దూరిపోతుంది.

రెండోది, తళతళలాడే రేకు లాంటి ఫాయిల్ దుప్పటి. పలచటి ప్లాస్టిక్ మీద అల్యూమినియం పూత. 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పనుల నుంచి వచ్చింది. మడిస్తే అరచేతిలో పడుతుంది, ఆశా అక్క సంచిలో నాలుగు పెట్టుకోవచ్చు. గాలిని, తడిని ఆపుతుంది, ఒంటి నుంచి బయటికి పోయే వేడిని వెనక్కి తిప్పుతుంది. కానీ తడి బట్టల మీద ఊరికే కప్పితే పెద్దగా ఫలితం ఉండదు. అంచు చిరిగితే మొత్తం చీలిపోతుంది. షాక్ ఇచ్చే మెషిన్ పెట్టేటప్పుడు ప్యాడ్లకు తగలకుండా చూసుకోవాలి.

మూడోది, లోపల పీచు నింపి, బయట నీరు దిగని పొర ఉన్న మందపాటి దుప్పటి. ధర ఎక్కువ, జాగా ఎక్కువ. అసలు దుప్పటి పని చేసేది ఇదే.

ఈ మూడింట్లో ఏ దుప్పటీ వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. కాబట్టి మన దారికి కావాల్సింది రెండు పొరలు. లోపల మందపాటి పొడి దుప్పటి, పైన గాలి, వాన ఆపే ఫాయిల్. బిడ్డకు విడిగా పొడి గుడ్డలు, టోపీ ఉన్న చిన్న కట్ట.

ఇప్పుడు టెండర్ పద్ధతి చూడండి. "డిస్పోజబుల్ దుప్పటి, ఇన్ని" అని మాత్రమే రాసి, తక్కువ కోట్ చేసినవాడికి ఇచ్చేస్తే ఏం వస్తుంది? మొదటి రకం షీటే వస్తుంది. రికార్డులో దుప్పటి ఉంటుంది, రోగి మీద మాత్రం బనియన్ బరువు గుడ్డ ఉంటుంది. సైజు ఎంత, పొరలు ఎన్ని, నింపిన పీచు బరువెంత, తడిస్తే చిరుగుతుందా, నీరు దిగుతుందా, ఎన్నేళ్లు నిల్వ ఉంటుంది, శాంపిల్ ఎవరు పరీక్షించారు, ఇవన్నీ రాసిన టెండరే టెండర్. మన చందాల కొనుగోలులో కూడా ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. "హోల్‌సేల్‌లో ఎంతకు పడుతుంది" అని మాత్రమే అడిగారు.

చందా ఎవరికి లాభం

108ను ప్రభుత్వం నేరుగా నడపదు. టెండర్ పిలిచి ఒక సంస్థకు అప్పగిస్తుంది, బండికి నెలకు ఇంత అని చెల్లిస్తుంది. ఇక్కడ ఆలోచించండి. ఆ ఒప్పందంలో దుప్పటి రకం, సంఖ్య విడిగా రాయకపోతే, కొన్న ప్రతి దుప్పటీ నడిపేవాడి జేబులో నుంచి పోయే ఖర్చే. కొనకపోతే మిగులు. ఎవరు నడిపినా ఇదే లెక్క, మనుషుల మంచితనంతో సంబంధం లేదు. ఇప్పుడు మనం ఒక లోడు దుప్పట్లు ఉచితంగా ఇస్తే మిగిలేది ఎవరికి? వాళ్లు చెయ్యాల్సిన ఖర్చును మనోళ్ల స్కాలర్‌షిప్ డబ్బులతో తీరుస్తున్నాం. వచ్చే ఏడాది మనం అడిగితే "దాతలు ఇస్తున్నారు కదా" అంటారు. ఇండెంట్‌లో ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది.

పోనీ మన చందా ఎన్నాళ్లు వస్తుందో చూద్దాం. లెక్క కోసం ఒక బండికి రోజుకు 4 కేసులు అనుకోండి. నెలకు 120. అందులో మూడో వంతుకే దుప్పటి తప్పనిసరి అనుకున్నా 40. ఏడాదికి 480. మనం కిందామీదా పడి 1,000 దుప్పట్లు కొంటే రెండు బండ్లకు ఒక ఏడాది. ఒక్క పాడేరు ఐటీడీఏ కిందే 11 మండలాలు. రంపచోడవరం, చింతూరు, పార్వతీపురం, సీతంపేట ఉన్నాయి. అటు తెలంగాణలో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఉన్నాయి. ఆసిఫాబాద్ అడవుల చలి మన చలికి తీసిపోయేది కాదు. ఇది చందాలతో అయ్యే పని కాదు, బడ్జెట్‌తో అయ్యే పని. గిరిజన ఉప ప్రణాళికకు 2013లోనే చట్టం ఉంది. గర్భిణికి, నవజాత శిశువుకు ఆసుపత్రికి ఉచిత రవాణా అని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. ఉచిత రవాణా అంటే మనిషిని మోసుకెళ్లడమేనా, ప్రాణంతో దింపడమా?

ఇంకో వాదన మన సీనియర్ అన్నల నుంచి వస్తుందని తెలుసు. "రోడ్లు అడగాల్సిన చోట దుప్పట్లు అడుగుతారా? డోలీ మోతలు పోవాలి గానీ డోలీలో దుప్పటేంటి?" అన్నలూ, రోడ్డు కోసం మీ వెనకే ఉన్నాం, ఉంటాం. కానీ రోడ్డు వేసేదాకా కాన్పులు ఆగవు. రోడ్డు వేసిన తర్వాత కూడా ఘాట్ అక్కడే ఉంటుంది, చలి అక్కడే ఉంటుంది. రోడ్డు లేకపోవడం ఎంత నిర్లక్ష్యమో, వచ్చిన బండిలో దుప్పటి లెక్క లేకపోవడం అంతే నిర్లక్ష్యం. ఒకటి అడిగితే ఇంకోటి తగ్గదు.

వాడాక ఎక్కడ పడేస్తారు

ఇది కూడా మనమే అడగాలి, ఎందుకంటే చెత్త పడేది మన గెడ్డల్లోనే. ఈ దుప్పట్లు ప్లాస్టిక్. మట్టిలో కలవవు. రక్తం, ఒంటి ద్రవాలు అంటిన పరుపులు, దుప్పట్లు బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు 2016 ప్రకారం పసుపు సంచిలోకి వెళ్లాలి, అక్కడి నుంచి శుద్ధి చేసి కాల్చే కేంద్రానికి వెళ్లాలి. కొనే టెండర్‌లోనే పసుపు సంచులు, తిరిగి తీసుకెళ్లే బాధ్యత కూడా రాయాలి. మనం దానం చేస్తే ఈ బాధ్యత ఎవరిది? ఘాట్ మలుపులో నెత్తుటి దుప్పటి కనిపిస్తే అది మన గ్రూపు పేరుతో ఇచ్చిందే అవుతుంది.

మరి ఏం చేద్దాం

మేము వద్దు అని ఊరుకోవడం లేదు. చందా బదులు ఈ పని చేద్దాం.

ఒకటి, ఆర్‌టీఐ. ఐటీడీఏ పరిధికి ఒకటి చొప్పున జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు దరఖాస్తు వేద్దాం. ప్రశ్నలు ఇవీ: 108 ఒప్పందంలో దుప్పటి ఉందా, ఏ రకం, బండికి నెలకు ఎన్ని? గత మూడేళ్లలో ఎన్ని కొన్నారు, ఏ ధరకు, ఏ కొలతలతో? ఏజెన్సీ బండ్లకు విడిగా లెక్క ఉందా, నగరం బండికి ఇచ్చినన్నే ఇస్తున్నారా? నవజాత శిశువు కట్టలు ఎన్ని? వాడినవి ఎక్కడికి వెళ్తున్నాయి? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బీపీఎల్ కార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ఇవ్వకపోతే అప్పీలు.

రెండు, డిమాండ్ పత్రం. బండ్ల సంఖ్యను బట్టి కాదు, రోగి దారిలో గడిపే గంటలను బట్టి దుప్పట్లు లెక్కగట్టాలి. రెండు పొరలు ఇవ్వాలి. 2018లో వచ్చిన బైక్ ఫీడర్ అంబులెన్సులకు కూడా ఇవ్వాలి, ఎందుకంటే వాటి మీద రోగికి గాలి నేరుగా తగులుతుంది. స్టాకు రెండు సార్లు రావాలి, దారులు తెగే వానలకు ముందు ఒకసారి, చలికి ముందు అక్టోబర్‌లో ఒకసారి. రంపచోడవరం స్టోరులో కట్టలు కట్టలుగా ఉండి, కొండ మీద పీహెచ్‌సీలో సున్నా ఉంటే అది సరఫరా కాదు. దీన్ని ఐటీడీఏ పీఓ గారికి, మన ఎమ్మెల్యేలకు చేతికి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం తీసుకుందాం.

మూడు, డోలీ. ఇది ఏ ఒప్పందంలోనూ ఉండదు, ఎందుకంటే కాగితం మీద డోలీ లేదు. అందుకే ఇక్కడ ఊరే మొదలుపెట్టాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏటా అన్‌టైడ్ నిధి వస్తుంది. ఆ డబ్బుతో ఆశా అక్క దగ్గర ఊరికి నాలుగు ఫాయిల్ దుప్పట్లు, రెండు బిడ్డ కట్టలు పెట్టమని కమిటీలో తీర్మానం చేయించండి. కమిటీ ఎప్పుడు కూర్చుందో, డబ్బు ఎటు పోయిందో కూడా దాంతోపాటే బయటపడుతుంది.

నాలుగు, నేర్పడం. నర్సింగ్, పారామెడికల్ చదివే మన చెల్లెళ్లు, తమ్ముళ్లు సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు డోలీ మోసే కుర్రాళ్లకు అరగంట చూపించండి. తడి తియ్యడం, తుడవడం, తల కప్పడం, కింద నుంచి కూడా చుట్టడం, బిడ్డను తల్లి ఒంటికి ఆనించడం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చందాకు ఒప్పుకున్న తమ్ముళ్లకు ఒక మాట. మీ డబ్బు మీ దగ్గరే ఉంచండి. ఆర్‌టీఐ పోస్టు ఖర్చులకు, పాడేరు బస్సు ఛార్జీలకు అవసరమైతే అడుగుతాం. మనకు ఈ చలికాలం కావాల్సింది దుప్పటి పట్టుకున్న ఫొటో కాదు. ఎన్ని దుప్పట్లు, ఏ బండికి, ఏ తేదీన అని రాసి, స్టాంపు కొట్టిన కాగితం. అది వచ్చిన రోజు దాన్నే ఫొటో తీసి గ్రూపులో పెడదాం.

దరఖాస్తు నమూనా రాయడం మొదలుపెట్టాం. మీ మండలం పేరు, మీ పీహెచ్‌సీ పేరు చెప్పి ముందుకు రండి. మండలానికి ఇద్దరు చాలు.

జై ఆదివాసీ. జోహార్.